మామగారి గొంతులో చిన్న గొట్టం

మొన్న పక్కింటాయన గొంతులోని మాటల గొట్టాన్ని ఆయన కోడలు బయటికి తీయకుండానే సన్నటి బ్రష్షుతో రెండు నిమిషాల్లో శుభ్రం చేసేస్తుంటే, నాకు ఎనభైల చివరి రోజులూ, తిరుపతిలో మా అత్తగారిల్లూ, అక్కడ మూడు రోజులకొకసారి మేము పడిన పాట్లూ గుర్తుకొచ్చాయి.

మా మామగారిది గుళ్లో పాశురాలు చదివే గోష్ఠిలో పెద్ద గొంతు. కేన్సరని ఆ గొంతుపెట్టెను తీసేశాక, వేలూరు డాక్టర్లు మెడకు పెట్టిన రంధ్రం లోపల, ఊపిరిగొట్టానికీ అన్నవాహికకూ నడుమ చిన్న కంత చేసి, చిటికెన వేలంత మెత్తటి గొట్టం అమర్చారు. మెడ రంధ్రాన్ని బొటనవేలితో మూస్తే ఊపిరి దానిగుండా నోట్లోకి వెళ్లి మాటయ్యేది. బొంగురుదే అయినా మాకది పెన్నిధి. తెమడతో పూడుకుపోకుండా దాన్ని తీసి గోరువెచ్చని నీళ్లలో కడగాలి, అంతసేపూ కంతలో రబ్బరు గొట్టం ఉంచాలి, లేకపోతే కంత మూసుకుపోతుంది. ఆ పని నాది. మడీ ఆచారమూ ప్రాణంగా బతికే అత్తగారు ఎంగిలి తగిలిన ఆ వస్తువు జోలికి రారనే ధీమాతో ఆమెకు ఇవేవీ చెప్పలేదు. అన్నీ నాకే తెలుసునని కాస్త పొగరు కూడా ఉండేది లెండి.

ఒక ఏకాదశినాడు నేను పాఠాలు చెప్పడానికి బడికి వెళ్లాను. పెరుమాళ్ల పేరు పలికే గొట్టం ఎంగిలిగా ఉండకూడదని అత్తగారికి తోచి, మామగారిచేతే దాన్ని తీయించి, పచ్చకర్పూరం కలిపిన తీర్థంలో వేసి దేవుడి ముందుంచారు. పూజయ్యేదాకా రబ్బరు గొట్టమూ వద్దన్నారు. ఆమె మాట ఏనాడూ కాదనని మామగారు, గంటసేపే కదా అని మెడకు తుండుగుడ్డ చుట్టుకుని కూర్చున్నారు. ఏకాదశి పూజ గంటలో అవుతుందా? మధ్యాహ్నం దాటాక నేనొచ్చి ఎంత ప్రయత్నించినా గొట్టం దూరలేదు, కంత అప్పటికే బిగుసుకుపోయింది.

పూతలపట్టు, చిత్తూరు మీదుగా వేలూరు పోయే బస్సులో ముగ్గురం కూర్చున్నాం. రాసుకోమని ఇచ్చిన పలకను మామగారు ఒళ్లో బోర్లించుకున్నారు. అత్తగారు దారంతా ఒక్కటే మాట: "నా చేతులతోనే ఆయన నోరు మూసేసినానమ్మా." నాకు కోపం రాలేదు, భయమేసింది. తప్పులో సగం నాదేనని తెలిసి సిగ్గు కూడా వేసింది.

డాక్టర్లు కంతను కొంచెం కొంచెంగా వెడల్పు చేసి గొట్టం పెట్టేసరికి పొద్దుపోయింది. మామగారు బొటనవేలు మెడకానించి మొదట అత్తగారితోనే మాట్లాడారు.

"ఏడవొద్దులే. ఇంగ నువ్వే కడుగుదువు."

ఆయన ఉన్నన్నాళ్లూ ఆమే కడిగారు. ముందు కడిగి, తర్వాత తలకు పోసుకుని, అప్పుడు పూజకు కూర్చునేవారు. చుట్టాలు ముక్కున వేలేసుకున్నా లెక్కచేయలేదు.

ఇప్పటి గొట్టాలు నెలల తరబడి లోపలే ఉంటాయి, మార్చాల్సినప్పుడు డాక్టరే మారుస్తాడు. మంచిదే, మేము చేసిన ఆ బస్సు ప్రయాణం ఇంకెవరికీ వద్దు. అయినా ఒకరి మాటను ఇంకొకరు అంత పదిలంగా చేతుల్లో పట్టుకోవడం ఈ రోజుల్లో నాకు కనబడదు. మామగారు పోయిన మూడోనాడు పొద్దున అత్తగారు నీళ్లు కాచి, ఆయన మందుల పెట్టెలో మిగిలిన గొట్టాన్ని ఎప్పటిలాగే కడిగి, తుడిచి, ఎవరికివ్వాలో తెలియక నా చేతిలో పెట్టారు.