అవ్వ ఏట్లోకి దిగిన పొద్దు

మా పక్క స్థలంలో ఎవరో ఇల్లు కడుతున్నారు. మొన్న పొద్దున లారీ ఒకటి వచ్చి ఇసుక కుమ్మరించి పోయింది. ఎక్కడి నుంచి తెచ్చారో గాని ఇంకా తడి ఆరలేదు, కుప్ప అడుగు నుంచి నీళ్లు సన్నగా కారి మా గేటు దాకా వచ్చాయి. కనకాంబరాల కుండీకి నీళ్లు పోద్దామని బయటికి వచ్చినదాన్ని అక్కడే నిలబడిపోయాను. కంట్లో శుక్లం వచ్చి రెండేళ్లయింది, మనుషుల మొహాలు మసక మసకగా కనిపిస్తాయి, ఆపరేషన్ చేయించుకోమని మా అబ్బాయి తిట్టని పూట లేదు. కళ్లు పోతే పోయాయి గాని ముక్కు మాత్రం నన్నింకా మోసం చేయలేదు. ఆ వాసన ఏటి ఇసుకది. చెలమ తవ్వినప్పుడు మూరెడు లోతున మొదటిసారి తడి తగిలితే పైకి వచ్చే వాసన. ఈ తిరుపతి వీధిలో, సిమెంటు దుమ్ము మధ్యన, దానికోసం నేను చెప్పులు విడిచి కుప్ప దగ్గరికి నడిచాను.

మా పేట స్వర్ణముఖి ఒడ్డున, తిరుచానూరుకు దిగువన, కాళహస్తి పోయే దారికి కాస్త ఎడంగా ఉండేది. ఏరు అన్నమాటే గాని ఏడాదిలో ముప్పాతిక భాగం అది ఇసుకే. కార్తీకం వానలకు ఒకసారి ఎర్రగా పారి, క్రిస్మస్ నాటికి తేటపడి, సంక్రాంతి దాటితే పాయలు పాయలుగా సన్నబడి, శివరాత్రి తర్వాత ఇసుకలోకి ఇంకిపోయేది. అప్పుడిక చెలమలే. పొద్దున్నే ఆడవాళ్లు కుండలు చంకన పెట్టుకుని వెళ్లి, నిన్నటి గుంటలో పూడిన ఇసుకను చేత్తో తోడేసి, ఊరిన నీటిని టెంకాయ చిప్పతో చప్పుడు కాకుండా ముంచి పోసుకునేవాళ్లు. ఊరివాళ్ల చెలమలు ఎగువన, మావి దిగువన. మేము పిల్లలం ఆ తడి ఇసుకను పాదం మీద దిట్టంగా కప్పి, మెల్లగా కాలు లాగి పిచ్చుక గూళ్లు కట్టుకుంటూ, వేయించిన శెనక్కాయలు ఒడిలో పోసుకుని తింటూ, అటువైపు రైలు కూత వినిపిస్తే అది కొండకు పోయేదో కొండ నుంచి వచ్చేదో అని తగువులాడుకుంటూ, ఎండ నెత్తికెక్కే దాకా అక్కడే ఉండేవాళ్లం. అవి యుద్ధం రోజులు. కిరసనాయిలు దొరికేది కాదు, గుడ్డ దొరికేది కాదు. ఇసుకకు మాత్రం కరువు లేదు.

మా అవ్వ పేరు చెంగమ్మ. నాయనకు అమ్మ. పేటలో ఆమె నోటికి జడవనివాళ్లు లేరు. కూలి తక్కువ కొలిచాడని ఒక మేస్త్రీని కళ్లంలో నిలబెట్టి కడిగేసిందట, వంటింట్లో దూరిన నాగుపామును రోకలితో కొట్టి చంపి, దాన్ని కర్ర మీద బయట పారేసి వచ్చి అదే చేత్తో సంగటి గెలికిందట. నేను చూసినంతలో ఆమె దయ్యానికి భయపడలేదు, దొరకు భయపడలేదు, చావుకైనా భయపడేది కాదేమో. నీళ్లకు మాత్రం భయపడేది.

ఆ భయం ఊరికే రాలేదు. నేను పుట్టకముందే మా తాత మేకల్ని తోలుకుని ఏరు దాటుతుండగా, నెత్తిన ఎండ కాస్తుండగానే, పడమటి కొండల్లో కురిసిన వానకు ఏరు వచ్చేసింది. మేకలు కొన్ని గట్టెక్కాయి. తాత ఎక్కలేదు. దిగువన రెల్లు పొదకు చుట్టుకుని ఆయన తలగుడ్డ ఒక్కటే దొరికింది. అవ్వ ఏడవలేదని మా అమ్మ చెప్పేది. ఆనాటి నుంచి ఆమె పారే నీటిలో పాదం మోపలేదు. ఎండిన ఏటిని దాటాలన్నా ముందు గట్టు మీద నిలబడి, కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని పడమటి దిక్కు చాలాసేపు చూసేది. కొండ మీద మబ్బు కమ్మితే చాలు, పేటలో పిల్లలందరినీ పేరు పేరునా పిలిచి ఒడ్డెక్కించేది. “ఏరు దొంగదే పాపా, సప్పుడు లేకుండా వస్తాది,” అని నాకు అన్నంతో పాటు కలిపి పెట్టింది. అందుకే ఎనిమిదేళ్లు వచ్చినా నేను చీలమండ దాటి నీళ్లలోకి దిగి ఎరగను. తోటి పిల్లలు ఈదుతుంటే గట్టు మీద గచ్చకాయలు ఎగరేసుకుంటూ కూర్చునేదాన్ని.

మా గుడి మట్టి గోడలది, తాటాకు కప్పు. గంట బదులు రైలు పట్టా ముక్కను వేలాడదీశారు, దాన్ని సుత్తితో కొడితే ఎగువ ఊరి కుక్కలన్నీ మొరిగేవి. రోజూ ప్రార్థన చేయించడానికి ఉపదేశి ఉండేవాడు. బాప్తిస్మాలు ఇవ్వడానికీ, బల్ల జరిపించడానికీ నెలకొకసారి టౌను నుంచి అయ్యగారు సైకిలు మీద వచ్చేవారు. మా సంఘంలో బాప్తిస్మమంటే నెత్తిన నీళ్లు చల్లడం కాదు, ఏట్లో నిలువునా ముంచి లేపాలి. మునిగినవాళ్లకే బల్ల, అంటే ప్రభువు పేరిట పంచే రొట్టె, ద్రాక్షరసం. ఉపదేశి భార్య ముందురోజే ఎండుద్రాక్షను నానేసి పిసికి రసం తీసేది, గోధుమ పిండితో పులియని రొట్టె కాల్చేది. ఆ నానిన ద్రాక్ష తీపి వాసన గుడంతా కమ్ముకోగానే బాప్తిస్మం లేనివాళ్లు లేచి బయటికి వచ్చేయాలి. అలా వచ్చేది మేము పిల్లలమూ, మాతో పాటు మా అవ్వ. లోపల అందరికంటే గట్టిగా పాడినామె, ఉపదేశి మరిచిపోయిన చరణాన్ని అందించినామె, కొంగు దులుపుకుని వచ్చి కానుగ చెట్టు కింద మా మధ్య కూర్చునేది. లోపలి నుంచి గిన్నెల చప్పుడు వినిపిస్తుంటే కానుగాకును తుంచుతూ ఉండేది.

ఒకసారి నేనే అడిగాను, నువ్వెందుకు లోపల ఉండవని. అవ్వ నా తల నిమిరి, “స్వామి పిలస్తానే ఉండాడు పాపా. నా కాళ్లే కదల్లా,” అన్నది.

ఏరు పారే రోజుల్లో బాప్తిస్మాలు జరిగేవి, ఏటా అవ్వ పేరు ముందే చెప్పేవారు, ఏటా ఆ వారానికి ఆమెకు ఏదో ఒకటి అడ్డం వచ్చేది. ఒక ఏడు దగ్గు, ఒక ఏడు మోకాలి నొప్పి, ఇంకో ఏడు ఆవు ఈనబోతోందన్నది, ఆ ఆవేమో నెల తర్వాత గాని ఈనలేదు. నాయన నవ్వేవాడు గాని ఎదురుగా నవ్వేవాడు కాదు.

నాకు ఎనిమిదేళ్లు వచ్చిన ఏడు మాఘ మాసంలో అవ్వకు జ్వరం వచ్చింది. కషాయాలు తాగింది, గంజి తాగింది, తగ్గింది గాని మనిషి సగమైంది. ఒక సాయంత్రం తిన్నె మీద గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నట్టుండి నాయనతో, “బల్ల కాడ కూసోకుండానే పోతానేమోరా,” అన్నది. ఆమె గొంతు అంత చిన్నదిగా నేనెప్పుడూ వినలేదు. చూడ్డానికి వచ్చిన ఉపదేశి పక్కనే కూర్చుని, ఆమెకు ధైర్యం చెబుదామని పేతురు నీళ్ల మీద నడిచిన కథ ఎత్తుకున్నాడు. గాలి చూసి భయపడి పేతురు మునగడం మొదలుపెట్టిన చోటికి రాగానే అవ్వ ఆపింది.

“ఉండప్పా. మునిగిపోతాంటే స్వామి ముందు తిట్టినాడా, సెయ్యి పట్టుకున్నాడా?”

ఉపదేశి ఆలోచించాడు. “ముందు సెయ్యే పట్టుకున్నాడత్తా. విశ్వాసం చాల్లేదని ఆ తర్వాత అన్నాడు.”

“ముందు సెయ్యి. తర్వాతే తిట్లు,” అని అవ్వ తనలో తాను అనుకుంది. పేటంతటికీ ముందు తిట్లు, తర్వాత సంగటి పెట్టే మనిషికి ఆ వరుస ఎంత కొత్తగా తోచిందో మరి, ఆ మాటనే చప్పరిస్తూ చాలాసేపు కూర్చుంది.

ఆ కథ విన్నాక నాయనకు ఒక ఉపాయం తట్టింది. ఏరు పారేదాకా ఆగడం ఎందుకు, ఎండాకాలంలో ఇసుకలోనే పెద్ద చెలమ తవ్వితే సరిపోదా, పారని నీరంటే అవ్వకు భయం ఉండదు కదా. అయ్యగారు ఒప్పుకున్నారు. శనివారం పేటంతా పారలూ గంపలూ తీసుకుని ఏట్లోకి దిగింది. మగవాళ్లు తవ్వుతుంటే ఆడవాళ్లు ఇసుక మోశారు, అంచులు కూలకుండా చుట్టూ తాటాకు చాపలు నిలబెట్టి కర్రలు దిగ్గొట్టారు. మధ్యాహ్నానికి మొల లోతు నీరు ఊరి, తేరి, అడుగున చిన్న రాళ్లు కూడా కనబడ్డాయి. మాకు పండగలాగే ఉండింది. ఉలవచారు, సంగటి అక్కడికే తెచ్చుకుని తిన్నాం. సాయంత్రం అవ్వ వచ్చి చేతికర్రను నీళ్లలో ముంచి లోతు చూసుకుని, “ఇంతేనా,” అన్నది. ఇంటికి వస్తూ నాతో పందెం వేసినట్టు చకచకా నడిచింది.

పొద్దుగూకే వేళ పడమటి కొండల మీద మెరిసింది. ఎండాకాలపు ఉరుమే కదా అని ఎవరూ పట్టించుకోలేదు. తెల్లవారి రైలు పట్టా మోగకముందే పేటలో గోల విని మేము గట్టుకు పరుగెత్తాం. ఏరు వచ్చింది. పెద్ద వరదేం కాదు, ఎర్రటి నీరు ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు పరుచుకుని పుల్లలూ ఆకులూ మోసుకుంటూ మెల్లగా పోతోంది. మా చెలమ ఎక్కడుందో తెలియలేదు. తాటాకు చాప ఒకటి దూరంగా పొదకు చిక్కుకుని ఊగుతోంది. దాన్ని చూసి నాయన తల తిప్పుకున్నాడు.

అవ్వ అప్పటికే ఉపదేశి భార్య దగ్గర అడిగి తెచ్చుకున్న తెల్ల చీర కట్టుకుని ఉంది. గట్టు మీద కూర్చుని ఎప్పటిలాగే కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని పడమటికి చూసింది. అటు ఆకాశం తేటగానే ఉంది. నాయన కర్ర పట్టుకుని దిగి, అటూ ఇటూ నడిచి, మొల లోతుకు మించి లేదనీ ఒరవడి లేదనీ వచ్చి చెప్పాడు గాని, దిగమని మాత్రం అనలేదు. అయ్యగారు సైకిలు గట్టుకు ఆనించి వచ్చి, “ఈసారికి వద్దులేమ్మా, వచ్చే నెల చూద్దాం,” అన్నారు. అందరూ అదే మంచిదన్నారు. నాకు ప్రాణం లేచి వచ్చింది.

అవ్వ లేచింది. “వచ్చే నెలకు నాకింకో సాకు దొరుకుతాదయ్యా. ఈ పొద్దే కానీండి.”

“భయంగా లేదా అమ్మా?”

“ఎందుకు లేదు, ఉండాది. దాన్ని గూడా పిలుసుకునే వస్తా.”

అలా అని నా వైపు చెయ్యి చాచింది. ఎందుకు నన్నే అడిగిందో నాకు ఇప్పటికీ తెలియదు. బహుశా ఆ గట్టు మీద ఆమె అంత భయపడుతున్నది నేనొక్కదాన్నే కాబట్టేమో. నేను ఆ చెయ్యి పట్టుకున్నాను. అయ్యగారు ముందే దిగి నడుం లోతు నీళ్లలో నిలబడ్డారు. నాయన మాకు ముందు వెనక్కి నడుస్తూ, మా పాదాల కేసి చూస్తూ వచ్చాడు. నీళ్లు చీలమండకు తగిలాయి, పిక్కలకు తగిలాయి. కాలి కింద ఇసుక జారినప్పుడల్లా అవ్వ ఆగి ఊపిరి పీల్చుకునేది. ఒకచోట పూర్తిగా నిలిచిపోయింది. వెనుదిరుగుతుందేమో అనుకున్నాను. నీళ్ల కేసి చూస్తూ, మెల్లగా, ఎదురుగా ఉన్న మనిషితో మాట్లాడినట్టు, “నా మొగుణ్ణి తిన్నావు. నేను నీకు దొరకను, నేను స్వామి సేతిలో ఉండా,” అన్నది. ఆ తర్వాత ప్రభువును పిలిచింది. పాట కాదు, ప్రార్థన కూడా కాదు, చీకట్లో ఇంట్లోవాళ్లను పిలిచినట్టు ఊరికే పేరు పెట్టి పిలుస్తూ అడుగులు వేసింది.

నీళ్లు నా నడుముకు వచ్చిన చోట ఆమే నా చెయ్యి విడిపించుకుని నాయన చేతిలో పెట్టింది. మిగిలిన దూరం అయ్యగారి దాకా ఒంటరిగా నడిచింది. ఆ నడక నా కళ్ల ముందు నుంచి పోలేదు. తెల్ల చీర నీటి మీద గొడుగులా తేలుతోంది, రెండు చేతులూ పక్కలకు చాచి, మెడ బిగబట్టి, ఎవరో ఎదురు వస్తున్నట్టు ముందుకే చూస్తూ పోయింది.

అయ్యగారు ముంచారు, లేపారు. అవ్వ ఉక్కిరిబిక్కిరై దగ్గి, మొహం మీది తెల్ల వెంట్రుకలు తోసుకుని, “అయిపోయిందా?” అని అడిగింది. గట్టు మీద అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది, తాత పేరు పెట్టి, ఇన్నేళ్లకు మొదటిసారి, నడుం లోతు నీళ్లలో నిలబడి వెక్కి వెక్కి ఏడ్చింది. ఎవరూ ఆపలేదు. నేనెక్కడ నిలబడి ఉన్నానో అప్పుడు గాని నాకు గుర్తుకు రాలేదు. నీళ్లు నడుము చుట్టూ పోతూనే ఉన్నాయి, నేను నిలబడే ఉన్నాను.

ఆమెకు సారమ్మ అని పేరు పెట్టారు. ఆ పేరుతో ఆమెను పిలిచేది దేవుడొక్కడే, మిగతా అందరికీ ఆమె చెంగమ్మే. ఆ మధ్యాహ్నం ద్రాక్ష వాసన రాగానే మేము పిల్లలం లేచి కానుగ కిందికి వచ్చాం. అవ్వ కూడా అలవాటుగా సగం లేచి, గుర్తు తెచ్చుకుని, మళ్లీ కూర్చుంది. తలుపు తడికె సందులోంచి నేను చూశాను. రొట్టె తుంపు చేతిలోకి తీసుకుని, తినకుండా, పుట్టిన బిడ్డను చూసినట్టు చూసుకుంది.

నీళ్లంటే భయం ఆమెకు పూర్తిగా పోయిందని చెబితే అబద్ధం. ఏరు దాటే ముందు పడమటికి చూడడం చివరిదాకా మానలేదు. చూసి, దాటేది. మరుసటి కార్తీకానికి నన్ను నాయనతో పంపి ఈత నేర్పించింది, తను గట్టు మీద కూర్చుని మా ఇద్దర్నీ తిడుతూనే ఉండింది.

ఇప్పుడక్కడ గుడికి స్లాబు వేశారు. పక్కనే నీలం టైల్సు తొట్టి, దానికి కుళాయి. పిల్లలు నవ్వుకుంటూ దిగి నవ్వుకుంటూ ఎక్కుతారు. సంతోషమే. కానుగ చెట్టు లేదు. ఏట్లో ఇసుక లేదు, యంత్రాలు తోడిన గుంటలూ కంపచెట్లూ మిగిలాయి, చెలమ అంటే ఏమిటని మా మనవరాలు అడిగింది. దాన్ని తీసుకుపోయి ఏం చూపించాలో తెలియక నాకు దిగులు వేసింది.

అందుకే మొన్న ఆ కుప్ప దగ్గర వంగి, మణికట్టు దాకా చెయ్యి దూర్చాను. పైన ఎండకు కాగినా లోపల చల్లగా ఉంది. మా అబ్బాయి ఆఫీసుకు బయల్దేరుతూ చూసి మొదలుపెట్టాడు. కళ్లు కనబడకుండా రోడ్డు మీదికి ఎందుకొచ్చావు, చెప్పులేవి, డాక్టరు ఇచ్చిన తారీఖును మళ్లీ ఎందుకు మార్చమన్నావు, పోయినసారి జలుబన్నావు, అంతకుముందు పెళ్లన్నావు, నీ సాకులకు అంతే లేదా అని. ఆవు ఈనబోతోందని చెప్పడానికి నాకు ఆవు లేదు. నిజమే చెప్పాను, కంటికి కత్తి అంటే భయంగా ఉందని.

ఇసుక అంటిన చెయ్యి వాడి వైపు చాచాను.

“ముందు సెయ్యి పట్టుకోరా నాయనా. తిట్టేది తర్వాత తిడుదువుగాని. ఈ వారమే పోదాం పా.”