చేతులు చూసే ఐలేశం

ఎదురైన మనిషిని ఎవరైనా ముఖం చూసి పలకరిస్తారు. ఐలేశం చేతులు చూసేవాడు. "బాగున్నవా" అనడానికి ముందే "చేతులు జూపెట్టు" అనేవాడు. పాలమూరు కచేరీలో బుద్ధిగా గుమాస్తా పని చేసుకునే మనిషికి ఈ పిచ్చి పట్టడానికి కారణం, ఆయన ఇంటి ముందుగదిలో బల్ల మీదున్న గాజు తొట్టి, అందులో తిరిగే ఎర్రచేపలు.

పందొమ్మిది వందల అరవై ఒకటిలో హైదరాబాదులో ఎవరో నవాబు ఇంటి సామాన్లు హర్రాజు వేస్తున్నారంటే కుర్చీ కొందామని పోయి, ఒళ్లో చేపల తొట్టి పెట్టుకుని రైలు దిగాడు. భార్య సుక్కమ్మ గడపలోనే ఆపి, కుర్చీ ఏదని అడిగింది.

"కుర్చీ ఈదుతదా?" అన్నాడు.

సుక్కమ్మ పక్కకు జరిగి తొట్టికి దారిచ్చింది.

ఆనాటి నుంచి ఆ ఇంట్లో సబ్బు వెలి అయింది. సబ్బు చెయ్యి తగిలితే చేప బతకదని ఎవరో చెప్పారట. బిళ్లను తీసుకుపోయి పెరట్లో బావిగట్టు మీద పెట్టాడు. తొట్టి దగ్గరికి రావాలంటే ఎంతటివాళ్లయినా వాకిట్లో ఉత్తనీళ్లతో చేతులు కడిగి, రెండువైపులా తిప్పి చూపాల్సిందే. ఒకసారి కచేరీ పెద్ద అధికారే చేపలు చూద్దామని వచ్చాడు. ఐలేశం వంగి ఆయన వేళ్లు వాసన చూసి, అత్తరు కొడుతున్నదని వినయంగా చెంబు అందించాడు. ఉద్యోగం ఊడిందే అనుకుంది సుక్కమ్మ. అధికారి మాత్రం వాకిట్లోనే కడుక్కుని, ఆరే దాకా చేతులు గాలిలో ఊపుకుంటూ చేపలు చూసి పోయాడు.

"మందలకు మందలు గొర్లను సాకిన. ఒక్కటన్న నా చేతులు జూపియ్యమనలే" అనేది ఐలేశం తల్లి బీరమ్మ.

తొట్టి అడుగున పడ్డ తిండి తిని శుభ్రం చేస్తుందని ఒకసారి చెరువు నుంచి చిన్న జెల్లచేపను తెచ్చి వేశాడు. అది తిండి మానేసి ఎర్రచేపల తోకలు కొరకడం మొదలుపెట్టింది. బయటికి తీద్దామని పట్టుకుంటే బొటనవేలికి ముల్లు దించింది. వేలు వంకాయంత అయింది. దించితే సలుపుతున్నదని చెయ్యి పైకెత్తుకుని దవాఖానకు బయలుదేరాడు. అవి ఎన్నికల రోజులు. బజారు బజారంతా తిరిగి చెయ్యెత్తింది. కిరాణా కొట్టు వెంకటయ్య అయితే గల్లా దిగి వచ్చి, ఓటు నీకేనని మాట కూడా ఇచ్చాడు.

వాపు తగ్గింది గానీ ఆయన వేలికి గుడ్డ చుట్టుకునే తిరిగేవాడు. అడిగితే దుమ్ము పడకుండా అనేవాడు. పక్కింటి బిక్షమ్మ తెగిన వేలితో చేపలు చూడటానికి వస్తే గడప దాటనివ్వక కసిరాడు. మరుసటి చలికాలం వచ్చేసరికి సుక్కమ్మ అరచేతులు పగిలాయి. తొట్టి నీళ్లు మార్చే పని మొదటి నుంచీ ఆమెదే. ఒక పొద్దున ఐలేశం ఆమె చేతులు తిప్పి తిప్పి చూశాడు.

"ఇగ తొట్టిల చెయ్యి పెట్టకు" అన్నాడు. ఎందుకో చెప్పలేదు.

సుక్కమ్మ తన చేతులు తానే చూసుకుంది. ఆయన తినే జొన్నరొట్టె కొట్టేది ఈ చేతులే కదా. రొట్టెకు పనికొచ్చినవి చేపకు పనికిరాకుండా పోయాయా? ఆమె మాట్లాడటం మానేసింది. ఆయనకు చెప్పాల్సినవన్నీ చేపలకు చెప్పేది. "కూర సల్లారుతాంది, తినేటోళ్లుంటే తినుమనుండ్రి" అని తొట్టి వైపు తిరిగి అనేది.

నెల రోజులకు ఒక ఆదివారం ఆయన అంగడికి పోయాడు. తొట్టి నీళ్లు పచ్చబడి ఉన్నాయి. నా చేతులకేం రోగమో చూద్దామని సుక్కమ్మ గాజులు వెనక్కి నెట్టి, మోచేతుల దాకా నీళ్లలో పెట్టింది. సరిగ్గా అప్పుడే గుమ్మంలోకి వచ్చిన ఐలేశం కూరగాయల సంచి జారవిడిచి కేకేశాడు. ఆమె ఉలిక్కిపడి చేతులు లాగేసరికి తొట్టి ఒరిగి, బల్ల మీంచి జారి భళ్లుమంది. చేపలు నేల మీద టపటపా కొట్టుకుంటున్నాయి.

సుక్కమ్మ వాటిని ఏరడానికి వంగింది. ఐలేశం చేపల వైపు కన్నెత్తి కూడా చూడలేదు. ఆమెను రెక్క పట్టుకుని బావిగట్టుకు లాక్కుపోయి, సబ్బు అరిగిపోయేలా చేతులు రుద్దసాగాడు.

"చేపలు సస్తున్నయి" అంది సుక్కమ్మ. చాలా కాలానికి ఆయనతో నేరుగా అన్న మాట అది.

"సావనియ్యి. పగుళ్లల్లకు నీళ్లు పోయినయా, జర సూడు."

అప్పుడు వేలి గుడ్డ విప్పాడు. జెల్ల గుచ్చిన చోట పుండు మానలేదు, చుట్టూ ఎర్రగా గడ్డలు కట్టింది. తొట్టి నీళ్లలోని కంటికి కనబడని పురుగేదో గాయంలోంచి లోపలికి పోయిందని, మానడానికి నెలలు పడుతుందని, తెగిన చేతులు, పగిలిన చేతులు ఆ నీళ్లలో పెట్టనియ్యొద్దని డాక్టరు చెప్పాడట. అందుకే ఆ ఏడంతా వచ్చినవాళ్ల చేతుల్లో ఆయన వెతికింది సబ్బును కాదు, గాయాలను. పక్కింటి బిక్షమ్మ వేలు తెగినప్పుడు గడప దాటనివ్వక ఆయన కసిరింది కూడా అందుకేనని సుక్కమ్మకు ఇప్పుడర్థమైంది.

"నాకు జెప్పొద్దా మరి?"

"జెప్తే నువ్వు ఫికర్ జేస్తవని" అని, గుడ్డ మళ్లీ వేలికి చుట్టుకుంటూ, "చేపలను బావిల పారబోస్తవని గూడ" అన్నాడు.

పారబోసేదాన్నేనని సుక్కమ్మ ఒప్పుకుంది.

ఇద్దరూ లోపలికి వచ్చేసరికి బీరమ్మ చేపలన్నిటినీ ఏరి చల్లకుండలో వేసి, నిండా నీళ్లు పోసి, పక్కనే కాపలా కూర్చుంది. ఐలేశం ఆమె చేతులు కూడా కడిగించాడు. నా తోలు గొర్రెతోలు, ఏ పురుగూ దూరదని ఆమె సణుగుతూనే ఉంది.

ఆ పూట రొట్టెలు బీరమ్మే కొట్టింది. ఒక పక్క మాడి, ఒక పక్క పచ్చిగా వచ్చాయి. అరచేతుల నిండా వెన్న రాసి ఉండటంతో సుక్కమ్మ తుంచుకోలేకపోతే, ఐలేశమే ముక్క తుంచి ఆమె నోటి దాకా తెచ్చాడు. అత్త ఉందని ఆమె కళ్లతోనే వారించింది. బీరమ్మ కుండ వైపు తిరిగి కూర్చుని, మీ అమ్మానాన్నలెవరు, మీది ఏ ఊరు అని చేపలను తీరిగ్గా అడగడం మొదలుపెట్టింది.