కోస పైకెత్తిన టాస్క్‌బార్

లోకంలో కంప్యూటర్లన్నిటికీ టాస్క్‌బార్ అనే బొమ్మల పట్టీ తెర అడుగున ఉంటుంది. శబరి నది ఒడ్డున కొంటాలో కోస నడిపిన చాయిస్ సెంటర్‌లో, అంటే సర్కారు కాగితాలు తీసిచ్చే దుకాణంలో మాత్రం పైన ఉండేది. ఈ మహత్కార్యానికి ఒక చరిత్ర ఉంది. ఒక వానాకాలం దుకాణం కప్పు కారి, తెర అడుగున నాలుగు వేళ్ల మేర నల్లబడిపోయింది. చెడినదాని స్థానంలో కొత్తది కొనడం కోస వంశంలో లేదు. మౌస్‌తో ఆ చీకట్లో తడిమి, టాస్క్‌బార్‌ను దొరకబుచ్చుకుని, ఈడ్చి తెర నెత్తిన కూర్చోబెట్టాడు.

"ఏందయ్యా, అది నెత్తికెక్కింది?" అంది భార్య పొజ్జే.

"శబరి పొంగితే బియ్యం మూట యాడ పెడ్తవే?"

"అటక మీద."

"ఇది గూడ గంతే."

కొంటాలో ఇంతకు మించిన సమాధానం అక్కర్లేదు.

పొజ్జే బడి ముఖం చూడలేదు. ఆమె కోసమే కోస ఆ పట్టీ మీద బొమ్మలను వరసగా పేర్చాడు: ఎడమ చివర ఫొటోలది, దాని పక్కన ప్రింటరుది, తర్వాత కుల ధ్రువపత్రం, అదే జాతి ప్రమాణ్ పత్ర్‌ది, ఆఖరున పాటలది. సర్కారు పనుల మధ్య పాటలేమిటని గిరాకీలు అడిగితే, "అది మా ఆమె డిపార్ట్‌మెంటు" అనేవాడు, కలెక్టరంత గంభీరంగా.

పోయిన వానల్లో కోసకు జ్వరం పట్టుకుంది. అప్పుడే శబరి రోడ్డెక్కింది. భద్రాచలం తీసుకుపోదామంటే అటు దారి లేదు. సుక్మా పోదామంటే వాగు. పొజ్జే బియ్యం మూటను అటకెక్కించింది, కంప్యూటర్‌నూ ఎక్కించింది. మనిషిని ఎక్కడికి ఎక్కించాలో తెలియలేదు. నీళ్లు తీసేసరికి కోస లేడు.

కొన్నాళ్లకు ఆమే దుకాణం తెరిచింది. కోస చొక్కాలు చుట్టాలు పంచుకున్నారు, సైకిలు మరిది వినోద్‌కు పోయింది. కోస చేత్తో పెట్టింది పెట్టినట్టే మిగిలింది తెర నెత్తిన ఆ పట్టీ ఒక్కటే. పొద్దున మీట నొక్కగానే బొమ్మలు వరసగా వెలిగేవి. ఎక్కడ చెదురుతాయోనని ఆమె మౌస్‌ను పసిపిల్లను ఆడించినట్టు ఆడించేది.

వినోద్ మంచివాడు. మంచివాళ్లు చేసే నష్టం మీద ఫిర్యాదు తీసుకునే ఆఫీసు ఇంకా ఎక్కడా తెరవలేదు. సర్కారు వెబ్‌సైటు పాత సాఫ్ట్‌వేర్‌కు తెరుచుకోవడం లేదని, వదినె సంతకు పోయినప్పుడు కొత్తది ఎక్కించాడు. ఆమె వచ్చి చూస్తే తెర నెత్తి బోసిగా ఉంది.

"ఏది వినోదూ, పట్టీ?"

"కిందున్నది వదినె. ఆ నల్లదాంట్ల."

"పైకెత్తు."

అతను చాలాసేపు కుస్తీ పట్టాడు. "ఈ కొత్తదాంట్ల పైకి పోదంట."

"పాతది మళ్ల పెట్టు."

"తుడిచేసిన." వినోద్ తల దించుకున్నాడు. "కొత్త తెర తెస్త వదినె. కిందున్నా మంచిగ కనపడ్తది."

"కనపడ్తలేదని అడుగుతున్ననా?"

పొజ్జే మౌస్ బాణాన్ని అడుగునున్న నలుపులోకి పంపి తడిమింది. ఏవేవో తగిలాయి. కోస వరస కాదు. పాటలది అసలే లేదు.

ఎండాకాలం ఊరి పొలిమేరలో కోస పేర రాయి నిలిపారు. పోయినవాడికి ఇష్టమైనవి ఆ రాతి మీద రంగుల్లో గీయించడం వాళ్ల తెగ ఆనవాయితీ. ఆ బొమ్మలు గీసే ముయా వయసులో పెద్దవాడు, ఆ ప్రాంతంలో పోయినవాళ్లందరి ఇష్టాలూ తెలిసినవాడు.

"సైకిలా, కల్లుకుండా?" అన్నాడు.

"పట్టీ గియ్యి మామా."

"ఏం పట్టీ?"

ఆమె రాతి పైఅంచున వేలితో గీత గీసింది. "ఈడ. నెత్తి మీద. ఎడమ దిక్కు నుంచి చెప్త, అట్లనే గియ్యి."

ముయా చెప్పినవి చెప్పినట్టు గీశాడు, ఏ దేవుళ్లవో తెలియకపోయినా భక్తిగా. ఆఖరిదాని దగ్గర చెయ్యి ఆపాడు.

"పాటలేంది బిడ్డా, సావు రాయి మీద?"

"అది నా డిపార్ట్‌మెంటు," అంది పొజ్జే. పక్కనే ఉన్న వినోద్ అటు తిరిగి నిలబడ్డాడు.

ఈ వానల్లో శబరి మళ్లీ వచ్చింది. వినోద్ పొలిమేర దాకా పోయి, తడిసి తిరిగొచ్చాడు.

"రాయి నడుము దాక నీళ్లున్నయి వదినె. పట్టీ దాక రాలే."

పొజ్జే తల ఊపి, బియ్యం మూటను అటక మీదికి ఎత్తింది. కంప్యూటర్ సంగతి ఆమెకు గుర్తు రాలేదు. అది వినోదే ఎక్కించాడు.