మూడో పిలుపు

దయ్యాలంటే నాకు నవ్వొచ్చేది. మా అమ్మ ఎవరు పిలిచినా మూడోసారికి గానీ పలకదు. దయ్యం రెండుసార్లే పిలుస్తుందట, మూడోసారి పిలిచేది మనిషేనట. "దానికి మూడు దాకా లెక్క రాదా?" అని ఆటపట్టించేదాన్ని.

తొంభై దాటినవాళ్ల ఆరోగ్యం మీద జరిగే ఒక అధ్యయనంలో పని చేస్తున్నాను. పాలకుర్తి నుంచి నెల్లికుదురు దాకా ఊళ్లు తిరిగి వాళ్ల నడక, చూపు, చేతిపట్టు పరీక్షిస్తాం. వినికిడి తెలియాలంటే వెనుక నిలబడి మెల్లగా పేరు పెట్టి పిలుస్తాం.

నెల్లికుదురు దగ్గరి పల్లెలో మల్లవ్వను చూశాను. కళ్లు పూర్తిగా పోయాయి, కాళ్లు లేవవు. నోరు మాత్రం గట్టిది. "నా చేతిపట్టు సూస్తవా? జర పైలం బిడ్డా, నీ ఏళ్లు ఇరుగుతయ్" అంది. తీరా చూస్తే పట్టులో బలమే లేదు.

మిట్టమధ్యాహ్నం. ఎదురుగా మనవరాలు వినోద కూర్చుంది. మల్లవ్వ వెనుక నేను, నా వెనుక గోడ. ఆ గోడకు కిటికీ కూడా లేదు.

"మల్లవ్వా" అన్నాను. పలకలేదు. మళ్లీ పిలిచాను. ఉలుకూ పలుకూ లేదు. చెవుడు అని రాసుకోబోతుంటే "ఆఁ, వస్తున్న" అంది.

"ముందే పలకొచ్చు కదా అవ్వా?"

"గట్లెట్ల పలుకుత? మూడోసారి పిలిసినంకనే పలుకాలె."

వినోద నవ్వింది. "అక్క రెండుసార్లే పిలిచింది గదనే!"

మల్లవ్వ ముఖం పాలిపోయింది. "మూడోది గూడ నీ గొంతే, బిడ్డా. నా చెవి పక్కనుంచే వచ్చింది. అయ్యో, పలికిన గద!" అంటూ నా చెయ్యి పట్టుకుంది. ఆ పట్టుకు నా వేళ్లు కమిలిపోయాయి. చెప్పడానికి సిగ్గెందుకు, రెండో చేత్తో వెనుక గోడను తడిమి చూశాను.

వారం తిరగకముందే వినోద ఫోన్ చేసింది. "అవ్వ పోయింది అక్కా" అని ఏడ్చింది. తర్వాత, "పొద్దుగాల నువ్వు మా ఇంటికి వచ్చినవా? నీ గొంతు అవ్వను పిలిస్తే నేను గూడ విన్న. వాకిట్లకు పోయి చూస్తే ఎవ్వరు లేరు. లోపలికొచ్చేసరికి అవ్వ..." అంది.

ఆ పొద్దున నేను తరిగొప్పులలో ఉన్నాను. నాతో పాటు మా జట్టంతా ఉంది.

వయసు మీద పడితే లేని మాటలు వినబడతాయని మా డాక్టరు గారు చెప్పారు. మరి వినోద విన్నదేమిటి? వినికిడి పరీక్ష ఇప్పుడు వేరేవాళ్లు చేస్తున్నారు. నేను ఎవరినీ వెనుక నుంచి పిలవను.

తెలివితక్కువగా ఇదంతా అమ్మకు చెప్పాను. అప్పటి నుంచి అమ్మ మూడోసారికి కూడా పలకడం లేదు. నేనున్న గదిలోకి వచ్చి, నా ముఖం చూసి, "పిలిచినవా బిడ్డా?" అని అడుగుతుంది.

ఔననే చెబుతున్నాను. పిలవనప్పుడు కూడా.