చేతికిచ్చిన చాకు

మొన్న సత్యవేడు దగ్గర నేను పనిచేసే ఫ్యాక్టరీ గేటులో, కొత్తగా చేరిన సెక్యూరిటీ ఆయన నా జేబులోని మడత చాకును లోపలికి తీసుకెళ్లకూడదన్నాడు. సరేనని చేతికివ్వబోతే అందుకోకుండా, బల్లమీదున్న ట్రే చూపించి, "చేతికొద్దు సార్, దాంట్లో పెట్టండి, నేను తీసుకుంటా" అన్నాడు. అది వాళ్ల నిబంధన కావచ్చు, వాళ్ల ఊరి అలవాటూ కావచ్చు, నేను అడగలేదు. కానీ ఆ రోజంతా కొలతలు చూస్తున్నా, రిపోర్టులు రాస్తున్నా, మనసు మాత్రం ఇరవై ఏళ్లకు పైగా వెనక్కి వెళ్లి మా మేనత్త చేలో ఒక మామిడి కొమ్మ దగ్గరే ఆగిపోయింది.

నా దగ్గర ఇప్పుడు పదకొండు మడత చాకులున్నాయి. తాళం, మీట ఏవీ లేకుండా వెనకనున్న స్ప్రింగు బిగువుతోనే తెరుచుకుని నిలబడే పాతరకం చాకులు, మా వైపు పేనాకత్తులంటారు. కొన్ని పల్లావరం శుక్రవారం సంతలో తుప్పుకుప్పల్లోంచి ఏరినవి, ఒకటి పులికాట్ ఒడ్డున వలలు బాగుచేసే పెద్దాయన ఇక చూపు ఆనడం లేదని నాకిచ్చింది. అలమరాలో పెట్టి చూసుకోవడానికి కాదు, వారానికొకటి జేబులో ఉంటుంది, పండు కోస్తుంది, తాడు కోస్తుంది. అన్నిటికీ కలిపి ఒక నోటుపుస్తకంలో గళ్లు గీసి రాసుకున్నాను: పిడి దేనిది, కోసే అలుగు పొడవెంత, స్ప్రింగు బిగువెలా ఉంది, లోపమేమిటి, లోపానికి కారణమేమిటి. మొదటి చాకుకు ఎదురుగా ఆ ఆఖరి గడి మాత్రం చాలా ఏళ్లు ఖాళీగానే ఉండిపోయింది.

ఆ మొదటి చాకు నాయనది. నాయన మామిడి అంట్లు కట్టేవాడు. తొంభైలలో మా చిత్తూరు చుట్టుపక్కల వేరుశనగ ఏటేటా ఎండిపోతుంటే రైతులు ఒక్కొక్కరే చేలను మామిడి తోటలుగా మార్చుకున్నారు. ఆషాఢం జల్లులు పడితే ఇక నాయన చేతికి తీరిక ఉండేది కాదు. బేనీషా, బెంగళూరా, మల్గోబా, ఇమాంపసందు, నీలం, ఏ పుల్ల ఏ చెట్టుదో ఆకులన్నీ దూసేసినా బెరడు చూసి చెప్పేవాడు. చాకు మా తాత మద్రాసులో కొన్నది, ఎనుము కొమ్ము పిడి. మడత కీలులోని మేకు అరిగిపోతే, చిత్తూరు బస్టాండు వెనక సాన పట్టే తాత సైకిలు చక్రపు పుల్ల ముక్క కోసి దిగ్గొట్టాడు.

బ్లేడును రెండుగా విరిచి పెన్సిలు చెక్కుకున్న మా తరంవాళ్లకు చెప్పనక్కర్లేదు, ఇంట్లో అలాంటి చాకు ఉంటే పిల్లల కన్ను ఎప్పుడూ దానిమీదే ఉంటుంది. మా ఇంట్లో దానికి కట్టుబాట్లుండేవి. మామిడి పుల్లను తప్ప దేన్నీ, చివరికి నిమ్మకాయనైనా, కోయకూడదు. తుడవకుండా మడవకూడదు. శనివారం శనివారం కీలులో కొబ్బరినూనె చుక్క వేయాలి. అన్నిటికన్నా ముఖ్యం, చేతిలోంచి చేతికి ఇవ్వకూడదు. మడిచి కింద పెడితే రెండోవాళ్లు వంగి తీసుకోవాలి. చేతికిస్తే మనుషులకు పడదని అన్ని ఇళ్లలోనూ అనేదే. మావాళ్లు దానికి ఇంకో మాట చేర్చుకున్నారు: చేతికిచ్చిన కత్తితో కోస్తే అంటు అతకదని. అప్పటికి నేను తిరుపతి పాలిటెక్నిక్‌లో మెకానికల్ చదువుతున్నాను. మొదటి మూడింటికీ కారణం చెప్పగలను కనుక అవి నాకు శాస్త్రం, నాలుగోదానికి చెప్పలేను కనుక అది చాదస్తం.

నేను మూడో సంవత్సరంలో ఉండగా, చిత్తూరు దాపునే ఉన్న మా మేనత్త పొలం గట్టు మీదుగా రోడ్డు వెడల్పుకు గుర్తులు వేశారు. ఆ గుర్తుల లోపల ఒక మామిడి చెట్టు పడింది. అత్త కాపురానికి వచ్చిన ఏడాది తిని పారేసిన టెంక దానంతటదే మొలిచిన నాటు చెట్టు. ఏ తోటలోనూ దానికి జత లేదు, ఏ జాబితాలోనూ పేరు లేదు. గుప్పిట్లో ఇమిడేంత పండు, పీచు లేదు, పిందెలోనే సోంపు వాసన. టెంక నాటితే అదే రుచి వస్తుందన్న నమ్మకం లేదు, అంటు కడితేనే ఆ చెట్టు బతికినట్టు. బతికిస్తానని నాయన తన అక్కకు మాటిచ్చాడు. పదిరోజుల ముందే వెళ్లి, చిగురు కళ్లు ఉబ్బడానికి కొమ్మల కొసల్లో ఆకులు దూసి వచ్చాడు. అరవై టెంక మొక్కలు సంచుల్లో సిద్ధం చేశాడు. శనివారం అంట్లు కట్టాలి. చెట్టు కొట్టేవాళ్లు సోమవారం వస్తారు.

ఆ వారమే చాకు అంచుకు ఏదో మేకు తగిలి గాటు పడింది. నాయన రాయి మీద రెండు పూటలు రుద్దితే పోయేదే. నేనే, మా కాలేజీ వర్క్‌షాపులో మిషను మీద ఒక్క నిమిషంలో పట్టి తెస్తానన్నాను. నాయన చాకు మడిచి అరుగు మీద పెట్టాడు. నేను తీసుకున్నాను.

నిజంగా ఒక్క నిమిషమే పట్టింది. తిరిగే చక్రానికి ఆనించి, మధ్యలో నీళ్లలో ముంచడం మరిచి మళ్లీ ఆనించేసరికి, అంచు పొడుగునా నెమలి మెడ రంగు పాకింది. ఏ రంగు ఎంత వేడికి తేలుతుందో పరీక్షలో వరుసగా రాసి మార్కులు తెచ్చుకున్నవాణ్ణి, ఆ రంగంటే ఏమిటో నాకు తెలుసు. ఉక్కు మెత్తబడిపోయింది, పదును పడుతుంది కానీ నిలవదు. నాయనకు చెప్పాలనీ తెలుసు. సున్నా నంబరు ఉప్పుకాగితంతో రంగు పోయేదాకా రుద్ది, నూనె పూసి తళతళలాడించాను. లోపం అలాగే ఉంది, కనబడకుండా మాత్రం పోయింది.

శనివారం పొద్దున బస్సు దిగి పొలానికి వెళ్లేసరికి నాయన అప్పటికే చెట్టెక్కి, కొమ్మ పంగలో కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి చెయ్యి కిందికి చాపాడు. నేను నిచ్చెన నాలుగు మెట్లెక్కి చాకు ఆ చేతిలో పెట్టాను. కింద నుంచి అత్త కేకేసింది.

"రేయ్, చేతికియ్యద్దురా! ఆ కొమ్మ మింద పెట్టు!"

"కొమ్మ మింద పెడితే జారి నీ నెత్తిన పడతాదత్తా!"

"పడనీలే, నా నెత్తి యాడికీ పోదు. పోయేది చెట్టు."

నాయన నవ్వి, ముంజేతి మీద వెంట్రుకలు గీరి చూసుకుని, "మిషను పని మిషను పనేనక్కా. సూడు, మావోడు సదివిన సదువు ఊరికే పోలా" అన్నాడు.

పుల్లలు కోసుకుని నాయన దిగాక, పశువుల కొట్టం నీడలో పని మొదలైంది. మామూలుగా నాయన పుల్లను ఒక్క కోతతో ఉలి మొనలా చెక్కేవాడు, కోత మీద వేలు పడనిచ్చేవాడు కాదు. ఆ రోజు పదో మొక్కకే చాకు రాయి మీదికి వెళ్లింది, తర్వాత నాలుగు మొక్కలకే మళ్లీ వెళ్లింది. బెరడు తెగడానికి బదులు నలుగుతోంది. నాయన రెండుసార్లు అంచును వెలుతురుకేసి పట్టి చూసి, మళ్లీ పుల్ల అందుకున్నాడు. నేను పక్కనే కూర్చుని ప్లాస్టిక్ పట్టీలు అందిస్తున్నాను. చెట్టు ఇంకా నిలబడే ఉంది. చిత్తూరు వెళ్లి ఇంకో కత్తి తేవచ్చు, కనీసం కొత్త గడ్డం బ్లేడైనా తేవచ్చు, ఆదివారమంతా ఉంది. ఒక్క మాట చాలు. పొద్దున ఆ చదువు మాట విన్నాక నాకు నోరు రాలేదు.

సోమవారం చెట్టు కొట్టేశారు.

మూడు వారాలకు నేను సెలవుకు వచ్చినప్పుడు, ఆ కొట్టంలోనే నాయన గొంతుక్కూర్చుని ఒక్కొక్క పట్టీ విప్పాడు. కోత నల్లబడి, పుల్ల ఊడి చేతిలోకి వచ్చేది. దేన్నైనా లెక్కపెట్టడం నా అలవాటు, అరవై దాకా లెక్కపెట్టాను.

"సెప్తానే ఉంటిని గదరా, చేతికియ్యద్దని నెత్తీనోరూ కొట్టుకుంటిని" అంది అత్త, నా వైపు చూసి.

నాయన తలెత్తలేదు. "వాణ్ణేమీ అనద్దక్కా. చెట్టు మింద నుంచి చెయ్యి చాపింది నేను గదా, అందుకే అతకలా" అన్నాడు.

చాదస్తమని నవ్విన ఆ మాట చాటునే నేను దాక్కున్నాను. తర్వాత ఏళ్ల తరబడి నాయన ఆ చాకుతోనే అంట్లు కట్టాడు, అవి అతికాయి, ఎలా అతికాయని నేను అడగలేదు. ఆయన పోయాక అమ్మ చాకును తెచ్చి, మడిచి, నా ముందు నేలమీద పెట్టింది.

కొన్నాళ్లకు కీలు వదులైతే, సాన పట్టే తాత దగ్గరికే తీసుకెళ్లాను. సైకిలు పుల్లను బొటనవేలితో తడిమి గుర్తుపట్టాడు.

"ఇది నా పనే గదప్పా. మీ అత్త చెట్టు కొట్టిన మర్నాడే తెచ్చినాడు మీ నాయన. అంచు కాలిపోయుండాది. యెవురు సామీ కాల్చిందంటే, మావోడు, నేర్చుకునేటప్పుడు కాలతాదిలే అన్నాడు. కాలినంత మేరా నీళ్లు పోసి రాయి మింద ఇద్దరం రుద్దినాము, ఒక పూట పట్టింది. పిల్లోడు సిన్నబుచ్చుకుంటాడు, యాడా అనద్దు సామీ అన్నాడు. ఆయనే లేడు, ఇంక దాచేదేముండాది."

ఇంటికొచ్చి కొలిచాను. మడిస్తే అంచు పిడిలో ఉండవలసిన చోటుకు రెండు మిల్లీమీటర్లు ఇవతలే ఆగుతోంది, ఆ మేర ఉక్కు అరగదీసేశారు. అంటే ఆ నల్లటి పుల్లల ముందు కూర్చుని తప్పు తనదన్నప్పటికి, నాయనకు అంతా తెలుసు.

ఇది జరిగీ చాలా ఏళ్లయింది. గేటు దగ్గర ట్రేలో చాకు పెట్టివచ్చిన ఆ సాయంత్రం నోటుపుస్తకం తీసి, ఖాళీ గడిలో జరిగింది జరిగినట్టు రాశాను. ఆదివారం అత్త దగ్గరికి వెళ్లి చెప్పాను. ఇప్పుడామెకు చెవి సరిగా వినబడదు, రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది. రోడ్డువైపు చూసి, "ఆదివారమంతా ఉన్నింది గదరా" అని మాత్రం అంది.

ఇప్పుడు మా వైపు అంట్లు కట్టేవాళ్లు విరిచి పారేసే బ్లేడులు వాడుతున్నారు, బాగానే అతుకుతున్నాయి, తప్పు పట్టడానికేమీ లేదు. పదును పోతే పారేసి కొత్తది తీసుకుంటారు. కాలిన అంచును ఒక పూటంతా రుద్ది మంచి ఉక్కు దాకా తెచ్చుకునే పని ఎవరికీ లేదు. చేతికివ్వద్దని అరిచేవాళ్లూ లేరు. ఆ రోడ్డు పక్కన వేసవిలో మామిడి అమ్మేవాళ్లను చూస్తే ఆగి, పేరు తెలియని కాయ కనబడితే కొని, ఆ చాకుతోనే కోసి వాసన చూస్తాను. ఇంతవరకూ ఏదీ అత్త చెట్టు కాయ కాలేదు. ఎదుటివాడి తప్పును కూడా మడిచి కింద పెట్టి, వాడంతట వాడు వంగి తీసుకునేదాకా నోరెత్తకుండా ఆగిన మనుషులు మా తరానికి పెద్దలుగా ఉండేవారు. వాళ్లు ఉన్నన్నాళ్లూ నాకు నడుం వంగలేదు.