భీమన్న తిన్న ఇరవై రెండు ఇడ్లీలు

ఆంజనేయప్రసాద్ ఎత్తు, బూట్లతో కలిపి, అయిదడుగుల మూడంగుళాలు. డ్రైవింగ్ లైసెన్సు మీద మాత్రం అయిదడుగుల అయిదంగుళాలని ఉంటుంది. ఆ రెండంగుళాలు ఎక్కడివని భార్య ఉమామహేశ్వరి అడిగితే, "అప్పట్లో జుట్టుండేది కదా" అంటాడు.

మిషిగన్‌లోని ఫార్మింగ్టన్ హిల్స్‌కి వచ్చి ఇరవై ఆరేళ్ళయింది. కార్ల బ్రేకులు తయారుచేసే కంపెనీలో ఇంజనీరు. బ్రేకు తొక్కినప్పుడు కీచుమని ఎందుకు అరుస్తుందో కనిపెట్టడమే అతని ఉద్యోగం. రోజుకు ఎనిమిది గంటలు ఆ కీచుల మధ్య బతికే మనిషి కనక, ఇంటికొచ్చాక గొంతు పెంచి మాట్లాడడు. బాస్కెట్‌బాల్ ఊసెత్తితే తప్ప.

ఆ పిచ్చి కాకినాడలో ఇంజనీరింగ్ చదివేటప్పుడే పట్టుకుంది. టీమ్‌లో చేరదామని వెళ్తే డ్రిల్లు మాస్టారు అతన్ని తల నుంచి కాళ్ళ దాకా చూసి (అందుకాయనకు ఎంతోసేపు పట్టలేదు) స్కోరు పుస్తకం చేతిలో పెట్టారు. నాలుగేళ్ళూ ఆ పుస్తకమే. అమెరికా వచ్చిన మొదటి చలికాలంలో, ఆఫీసులో పనిచేసే వరంగల్ ధర్మారావు దగ్గర మ్యాచ్ టికెట్ ఒకటి మిగిలిపోతే వెంట వెళ్ళాడు. ఆ రోజే లూథర్ బీమన్‌ని మొదటిసారి చూశాడు.

బీమన్ ఏడడుగుల రెండంగుళాల ఆటగాడు. బుట్ట కింద నిలబడి, వచ్చిన బంతిని వచ్చినట్టే వెనక్కి పంపించడం ఆయన పని. ఒక ఆటగాడు రివ్వున గాల్లోకి లేచి బంతి వేయబోతే, బీమన్ కాలు కూడా ఎత్తకుండా, అటక మీద డబ్బా అందుకున్నట్టు ఆ బంతిని అందుకున్నాడు. ప్రసాద్ సీటు మీదికెక్కి నిలబడి అరిచాడు.

"బీమన్ కాదయ్యా ఈయన, భీమన్న! మన భీమన్న!"

వెనక సీటాయన కూర్చోమని ఏమీ అనలేదు. ప్రసాద్ సీటెక్కినా ఆయనకు అడ్డం రాలేదు మరి.

అప్పట్నుంచి ఆ ఇంట్లో బీమన్‌ని భీమన్న అనే అంటారు. కూతురు దేదీప్య చిన్నప్పుడు, భీమన్న అంటే తణుకులో ఉన్న పెదనాన్న అనుకునేది.

ఇరవయ్యొక్కేళ్ళ కిందట, ఒక జనవరి ఉదయం, ప్రసాద్ పెట్రోలు కోసం గ్యాస్ స్టేషన్‌లో కారు ఆపాడు. పక్క పంపు దగ్గర ఒక పెద్ద బండి తలుపు తెరుచుకుంది. అందులోంచి మడతమంచం విప్పినట్టు ఒక కాలు, ఇంకో కాలు, ఆ తరవాత చాలాసేపటికి మిగతా మనిషి బయటికొచ్చాడు. సాక్షాత్తూ భీమన్న!

ఆయన కనిపిస్తే ఏం మాట్లాడాలో ప్రసాద్ అయిదేళ్ళుగా అనుకుంటూనే ఉన్నాడు. ఏ మ్యాచ్‌లో ఎన్ని బంతులు ఆపాడో అన్నీ నోటికొచ్చు. దగ్గరికి వెళ్ళాడు. తలెత్తాడు. ఇంకా ఎత్తాడు. చివరికి బయటికొచ్చిన మాట ఇది:

"సర్, యూ ఆర్ వెరీ టాల్."

బీమన్ తన వంక తాను ఒకసారి చూసుకుని, "నాకూ అలాగే అనిపిస్తూ ఉంటుంది" అని, కాఫీ కొనుక్కోవడానికి లోపలికి వెళ్ళిపోయాడు.

ప్రసాద్ గ్యాస్ నింపుకోవడం మర్చిపోయి బయల్దేరాడు. రెండు మైళ్ళ తరవాత కారు ఆగిపోయింది. మంచులో డబ్బా పట్టుకుని వచ్చిన ఉమామహేశ్వరికి, గేజి పాడైందని చెప్పాడు. అసలు సంగతి ఆమెకే కాదు, ఇంకెవరికీ చెప్పలేదు. ఎవరైనా అడిగితే, "కలిశాను. మాట్లాడుకున్నాం" అనేవాడు. అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు.

కిందటి అక్టోబరులో ఊళ్ళో లైబ్రరీ వాళ్ళు ఒక శనివారం మధ్యాహ్నం సభ పెట్టారు. బీమన్ ఆట మానేసి ఇరవై ఏళ్ళయిన సందర్భం. ఆయన్ని కలిసిన అభిమానులు ఒక్కొక్కరే వచ్చి తమ జ్ఞాపకం చెప్పాలి. దేదీప్య కాలేజీ నుంచి వీకెండ్‌కి వచ్చి, అడగకుండానే తండ్రి పేరు ఇచ్చేసింది.

"నాన్నా, నీ నేమ్ సైన్ అప్ చేశాను. జస్ట్ టూ మినిట్స్, ఓకే?"

"నేనేం చెప్తానే?"

"నువ్వు మీట్ అయ్యావు కదా? అదే చెప్పు. డోంట్ బీ షై."

సభకు నలభై మంది దాకా వచ్చారు. కుర్చీలన్నీ పిల్లల పుస్తకాల పక్కన వేశారు. ప్రసాద్‌ది మూడో పేరు.

మొదట లేచినాయన రిటైరైన పోస్ట్‌మన్. ఒకసారి వానలో బీమన్‌కి తన గొడుగు ఇచ్చాడట. ఆయన చేతిలో అది పుట్టగొడుగంత కనిపించిందట. పైగా ఆయన గొడుగు పట్టిన ఎత్తుకు వాన పక్కనుంచి వచ్చి ఇద్దరూ తడిసి ముద్దయ్యారట. జనం పగలబడి నవ్వారు. తరవాత ఒకావిడ లేచింది. వాళ్ళబ్బాయి పుట్టినరోజుకు రెస్టారెంటుకు వెళ్తే బీమన్ అక్కడే తింటున్నాడట. కొవ్వొత్తులు ఊదమని అడిగితే నిలబడి ఊదాడట. పక్క టేబుల్ వాళ్ళ కొవ్వొత్తులు కూడా ఆరిపోయాయట. మళ్ళీ నవ్వులు, చప్పట్లు.

ప్రసాద్ మైకు ముందుకు వెళ్ళి, దాన్ని ఒక అడుగు కిందికి దించుకున్నాడు. జేబులో కాగితం ఉంది. అందులో గ్యాస్ స్టేషన్ సంగతే ఉంది. కానీ గొడుగూ కొవ్వొత్తులూ విన్న చెవులకు 'వెరీ టాల్' అని ఎలా చెప్పడం? కాగితం తియ్యలేదు. నోరు తెరిచాడు. ఆ తరవాత జరిగినదానికి నోటిదే బాధ్యత.

"ఒక జనవరిలో ఆయన బండి మా వీధి చివర మంచులో ఇరుక్కుపోయింది" అన్నాడు. "నేను ఆయన్ని మా ఇంటికి తీసుకెళ్ళాను. మా ఆవిడ ఇడ్లీలు పెట్టింది."

"ఏమిటీ?" అంది మూడో వరసలోంచి ఉమామహేశ్వరి.

"ఇడ్లీ అంటే ఆవిరి మీద ఉడికే మెత్తటి తెల్లటి కేకు లాంటిది. మామూలు మనిషి నాలుగు తింటాడు. ఆయన పద్దెనిమిది తిన్నాడు! అల్లం పచ్చడితో!"

జనం ఘొల్లున నవ్వారు. ప్రసాద్‌కి ఒళ్ళు తేలిపోయింది. ఇంకా ఏదో చెప్పబోతుండగా, పిల్లల పుస్తకాల అరల వెనక, అట్టతో చేసిన జిరాఫీ పక్కన ఒక తల లేచింది. తరవాత మెడ. తరవాత భుజాలు. లేస్తూనే ఉంది. జిరాఫీని దాటిపోయింది. ఆలస్యంగా వచ్చి, ఎవరికీ అడ్డం కాకూడదని అక్కడ తివాచీ మీద కూర్చున్న లూథర్ బీమన్ అది.

ప్రసాద్ మైకును రెండు చేతులతో పట్టుకున్నాడు.

"ఈయన చెప్పింది తప్పు" అన్నాడు బీమన్ గంభీరంగా. "పద్దెనిమిది కాదు. ఇరవై రెండు."

ఆ చప్పట్లకు అట్ట జిరాఫీ కింద పడింది.

సభ అయ్యాక అందరూ ఆయన చుట్టూ మూగారు. ప్రసాద్ తలుపు వైపు జారుకుంటుంటే ఒక చెయ్యి వచ్చి భుజం మీద పడింది. భుజం మీదే కాదు, వీపు కూడా చాలావరకు కప్పేసింది.

బీమన్ నడుము వంచి, చెవిలో అడిగాడు. "నేను ఇరవై రెండు తిన్నానని ఇప్పుడు ఊరంతా నమ్మింది. ఇంతకీ అవి తియ్యగా ఉంటాయా, కారంగా ఉంటాయా?"

ప్రసాద్ అక్కడికక్కడే అంతా ఒప్పేసుకున్నాడు. గ్యాస్ స్టేషన్ గురించి, ఆ 'వెరీ టాల్' ముక్క గురించి, ఆగిపోయిన కారు గురించి కూడా చెప్పాడు.

బీమన్ విని, "నన్ను పొడుగని రోజుకు ముప్పై మంది అంటారు" అన్నాడు. "లేని భోజనం పెట్టినవాడివి నువ్వొక్కడివే. వచ్చే ఆదివారం నాకేం పనిలేదు."

కారెక్కగానే ఉమామహేశ్వరి అందుకుంది.

"ఏవండీ, ఇరవై రెండు తిన్న మనిషికి మళ్ళీ ఇరవై రెండైనా పెట్టొద్దూ?"

"ఉమా, ఆయనసలు తినలేదు కదా!"

"జనం నమ్మారుగా. తక్కువ పెడితే నాకు మాటొస్తుంది."

ధర్మారావు భార్య పద్మ దగ్గర్నుంచి రెండు ఇడ్లీ కుక్కర్లు తెచ్చారు. ఎనభై ఇడ్లీల పిండి రుబ్బారు. ప్రసాద్ ఇంట్లో గుమ్మాలన్నీ కొలిచాడు. ఆరడుగుల ఎనిమిదంగుళాలు. హాల్లో వేలాడే దీపాన్ని దేదీప్య చున్నీతో పైకి కట్టేశాడు. కుర్చీ ఆయన బరువుకు ఆగుతుందో లేదో తెలియాలి కదా? ఇంజనీరు బుద్ధి ఊరుకోలేదు. ధర్మారావుని కుర్చీలో కూర్చోబెట్టి, ఒళ్ళో ఆరు సోనామసూరి బస్తాలు పెట్టాడు.

"అన్నా, జర జల్ది తియ్యుండ్రి" అన్నాడు బస్తాల వెనకనుంచి ధర్మారావు. "కుర్చీ మంచిగనే ఉన్నది. నాకే ఊపిరాడ్తలేదు."

ఆదివారం పదిగంటలకు బీమన్ వచ్చాడు. గుమ్మం దగ్గర వంగాడు, వాళ్ళ వట్టికాళ్ళు చూసి బూట్లు విప్పాడు. ఆ బూట్ల పక్కన ప్రసాద్ బూట్లు వాటి పిల్లల్లా ఉన్నాయి. ఉమామహేశ్వరి ఆరు ఇడ్లీలు పెట్టిన కంచం ముందుంచింది. ప్రసాద్ ఎదురుగా నిలబడ్డాడు. నిలబడితేనే ఆయన కళ్ళలోకి చూడగలుగుతున్నాడు.

బీమన్ ఒకటి తిన్నాడు. కళ్ళు మూసుకున్నాడు. ఇంకోటి తిన్నాడు. అల్లం పచ్చడి మళ్ళీ వేయించుకున్నాడు. మూడు. నాలుగు. అక్కడితో చెయ్యి ఆపేశాడు.

"అదేంటి అన్నయ్యగారూ! బాగాలేవా?" అంది ఉమామహేశ్వరి కంగారుగా, తెలుగులోనే.

దేదీప్య ఇంగ్లిష్‌లో చెప్పింది. బీమన్ తల అడ్డంగా ఊపాడు. "బ్రహ్మాండంగా ఉన్నాయి. కానీ నాకు షుగరు. మా డాక్టరు అయిదడుగులే ఉంటుంది. ఆవిడంటే నాకు హడల్."

ఉమామహేశ్వరి బతిమాలి ఇంకొక్కటి తినిపించింది. అయిదు. ఇంకా డెబ్భై అయిదు మిగిలాయి.

అంతలో హాలు కప్పు మీద పొగ అలారం కుయ్యిమంది. బ్యాటరీ అయిపోయి మూడు వారాలైంది. కప్పు చాలా ఎత్తు, ఇంట్లో నిచ్చెన లేదు.

"నాన్నా, మళ్ళీ బీప్ చేస్తోంది" అంది దేదీప్య. "ఇట్స్ సో ఎంబరాసింగ్."

బీమన్ లేచాడు. బ్యాటరీ ఇమ్మన్నాడు. మోకాళ్ళు పట్టుకుని ఒకసారి మూలిగి, కుడి చెయ్యి పైకి చాచాడు. మడమలు ఎత్తకుండా, అటూ ఇటూ చూడకుండా, తాపీగా ఆ అలారాన్ని కప్పు మీంచి కోసుకొచ్చాడు.

ప్రసాద్ ఆ చెయ్యి చూశాడు. తనేం చేస్తున్నాడో తెలియకుండానే సోఫా ఎక్కి నిలబడి, "భీమన్నా!" అని కేకేశాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. బీమన్ ఒక్క క్షణం ఉలిక్కిపడి చూశాడు. తరవాత అలారం పట్టుకున్న చేతిని ఇంకొంచెం పైకెత్తి, నలుదిక్కులా తిరిగి కిక్కిరిసిన స్టేడియానికి చేసినట్టు నమస్కారం చేశాడు. ఉమామహేశ్వరి కూడా చప్పట్లు కొట్టింది. మూడు వారాలుగా ఆ కుయ్యి వింటున్నది ఆవిడే మరి.

గురువారం సాయంత్రం ప్రసాద్‌కి ఫోనొచ్చింది. బీమన్! ఎన్నాళ్ళుగానో అడగాలనుకున్న ఫైనల్ మ్యాచ్ సంగతులన్నీ ఒక్కసారి గొంతు దాకా వచ్చేశాయి.

"హలో, సర్! నేను మిమ్మల్ని ఒక్కటి..."

"మీ ఆవిడ ఉందా?" అన్నాడు బీమన్. "ఆ అల్లంది ఎలా చెయ్యాలో కనుక్కోవాలి. మార్కెట్‌లో నిలబడి ఉన్నాను."

ఉమామహేశ్వరి ఫోను తీసుకుంది. చింతపండు ఎంత నానాలో, అల్లం ఎంత వేగాలో తనకొచ్చిన ఇంగ్లిష్‌లో నింపాదిగా చెప్పుకుపోయింది. ఇరవై నిమిషాలైంది. ప్రసాద్ సోఫా చేతి మీద కూర్చుని ఒక చెవి అటు వేశాడు. మాట బెల్లం దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఊపుతూ అడ్డం పడ్డాడు.

"తగ్గించి చెప్పు ఉమా, తగ్గించు. ఆయనకు షుగరు."

ఆమె ఆ మాట ఫోనులో చెప్పింది. "మా డాక్టరు మీ ఇంట్లో కూడా ఉందా!" అంటూ అటునుంచి వచ్చిన నవ్వుకు ఉమామహేశ్వరి ఫోను చెవికి దూరంగా పట్టుకోవలసి వచ్చింది.