ఖాళీ జాగకు అడ్డగీత

వీపనగండ్ల దగ్గరి మా ఊరి ప్రజాస్వామ్య రణరంగంలో జీవితాంతం అలుపెరగక పోరాడిన మహాయోధుడు, మా పెదనాయన బాలకిష్టయ్య గత సోమవారం అస్తమించారు. ఆ దుర్వార్తకు నిశ్చేష్టుడనై, ఆయన వీరగాథను పద్దెనిమిది పర్వాల్లో రాయాలని కూర్చున్నాను. తీరా చూస్తే ఆయన వాడిన ఏకైక ఆయుధం చెక్క స్కేలు. ఒక పర్వం కూడా నిండేలా లేదు.

మా గ్రామసభ రిజిస్టరులో ముందు సంతకాలు, తరువాత తీర్మానం. పైన ఏం రాస్తారన్నది రాసేవారి దయ. పెదనాయన మాత్రం ఖాళీ జాగంతా మూల నుంచి మూలకు గీత కొట్టాకే సంతకం చేసేవారు.

"మామీద నమ్మకం లేదా?" అని పంచాయతీ కార్యదర్శి ఒకసారి నొచ్చుకున్నాడు.

"నువ్వంటే నమ్మకమే బిడ్డా. తెల్లకాయిదమంటేనే భయం. అది ఎవరు చెప్తే వాళ్ల మాట వింటది."

ఈ అనుమానం పుట్టుకతోనే వచ్చింది. "మా లగ్గంనాడు గూడ, గా మంత్రానికి అర్థమేందని అయ్యగారిని ఆపిండు" అని పెద్దమ్మ ఇప్పటికీ చెబుతుంది.

ఊరి పశువులు మేసే బంచరాయి భూమిని ఒక కంపెనీకి ఇప్పించాలని సర్పంచ్ ఆరాటం. గ్రామసభ తీర్మానం లేనిదే అది కుదరదు. "సర్పంచైనా మంత్రైనా గీతకు ఇవతల్నే నిలవడాలె. గీత కొట్టెటోడే లేకుంటే వాళ్లను అని ఏం లాభం?" అనేవారు పెదనాయన. బంచరాయి ఇంకా పశువులదే.

మూడోనాడు సర్పంచ్ కళ్లు తుడుచుకుంటూ వచ్చాడు. తువ్వాల పొడిగానే ఉంది. గమనించడం మా ఇంటి జబ్బు. వెనకే రిజిస్టరుతో కార్యదర్శి.

"రేపు గ్రామసభల పెద్దమనిషికి సంతాప తీర్మానం పెడుతున్నం తమ్మీ. జర సంతకం పెట్టు, మ్యాటర్ తర్వాత రాస్తం."

పేజీ అడుగున అప్పటికే పాతిక సంతకాలున్నాయి. పైనంతా తెలుపు.

"సంతాపానికి ఎన్ని లైన్లు పడతయే అన్నా?"

"నాలుగు."

"మరి గింత జాగెందుకు?"

"పెద్దమనిషి గదా!"

"పెద్దమ్మా, స్కేలేది?"

పెద్దమ్మ ఏడుపు ఆపి, దిండు కింద నుంచి తీసిచ్చింది. పైన నాలుగు లైన్లు వదిలి, మిగతా జాగకు గీత కొట్టి, సంతకం చేశాను.

"నువ్వు గూడ గంతేనా?" అన్నాడు సర్పంచ్. ఈసారి ముఖంలో దుఃఖం నిజంగానే కనిపించింది.

నా గీత వంకరపోయింది. ఆయన గీత ఏనాడూ వంకరపోలేదు. ఆ చేతికి నా నమస్సులు. ఆ లోటు పూడ్చడం నావల్ల కాదు.

మర్నాడు గ్రామసభకు కోరం లేదు. సంతాపం వాయిదా పడింది.